తాబేలు అనే ఒక్క మాట: శ్రీకూర్మం నుంచి నౌపడ దాకా

ఈ వారం శాసనాలూ రాజులూ కొంచెమే వస్తారు, తాబేళ్లు ఎక్కువ వస్తాయి. నౌపడలో కూర్చుని తాబేలు చరిత్ర చెప్పడమేంటి అని కొందరికి అనిపించొచ్చు. కానీ మనిషి తాబేలుని ఏమేం చేశాడో, అంటే పూజించడం, పెంచడం, అమ్మడం, తినడం, చట్టం చేసి కాపాడటం, ఇవన్నీ ఒకేచోట చూడాలంటే మన శ్రీకాకుళం జిల్లాని మించిన చోటు నాకు కనపడలేదు.

ముందు మాట సంగతి చూద్దాం. ఇంగ్లీషు వాళ్లు నేల మీద తిరిగేదాన్ని టార్టాయిస్ అంటారు, నీళ్లలో ఉండేదాన్ని టర్టిల్ అంటారు. మనకి మాత్రం తాబేలంటే తాబేలే. కూర్మం, కమఠం, కచ్ఛపం అని సంస్కృతం నుంచి బోలెడు పేర్లు తెచ్చుకున్నాం గానీ, అవి పద్యంలో గణాలు కుదర్చడానికి పనికొచ్చే పర్యాయపదాలు. ఏది నేలది, ఏది నీటిది అని అవి విడదీసి చెప్పవు. సముద్రంలోది అయితే సముద్రపు తాబేలు అంటాం, మిగిలినవన్నీ ఒకే బుట్టలో వేసేస్తాం. ఈ అలవాటు వల్ల మన ఊళ్లలో నేల తాబేలుని చెరువులోకి విసిరేసేవాళ్లున్నారు, అది ఈదలేక మునిగిపోతుంది. నీటి తాబేలుని పొడి తొట్టెలో పెట్టి కూరాకు వేసేవాళ్లున్నారు. ఇద్దరిదీ మంచి ఉద్దేశమే. ఈ రోజు నేను చెప్పబోయే చరిత్రంతా ఈ గందరగోళం చుట్టూనే తిరుగుతుంది.

శ్రీకూర్మం దగ్గర మొదలుపెడదాం. శ్రీకాకుళం పట్నానికి దగ్గరలో, గార మండలంలో ఉంది. విష్ణువు కూర్మావతారంలో మూలవిరాట్టుగా పూజలందుకునే గుడి కాబట్టి దేశం నలుమూలల నుంచీ వస్తారు. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, రెండు ధ్వజస్తంభాలు ఉంటాయి, ఎదురుగా శ్వేత పుష్కరిణి. తూర్పు గాంగుల కాలం నుంచి స్తంభాల మీద చెక్కిన శాసనాలు వందకు పైగా ఉన్నాయి. దీపానికి నెయ్యి, నైవేద్యానికి భూమి, ఇలాంటి దానాలే ఎక్కువ. మధ్వాచార్యుల శిష్యుడు నరహరితీర్థులు ఇక్కడ యోగానంద నరసింహుడికి గుడి కట్టించిన సంగతి 1281 నాటి శాసనంలో ఉంది. కళింగం చరిత్ర రాసేవాళ్లు ఎవరైనా ఆ స్తంభాల దగ్గరికి రాక తప్పదు. దాని మీద వేరే ఎపిసోడ్ చేయాలి, చేస్తాను.

ఇప్పుడు ఆ గుడి ఆవరణలో పెంచుతున్న తాబేళ్ల సంగతి. భక్తులు తెచ్చి సమర్పించినవి, ఆకుకూరలు పెట్టి మురిసిపోయేవి. అవి నక్షత్ర తాబేళ్లు. నల్లటి డిప్ప మీద పసుపు గీతలు నక్షత్రాల్లా విచ్చుకుని ఉంటాయి. రాయలసీమ తుప్పల్లో, పొడి గడ్డి నేలల్లో బతికే జీవి అది. ఇక్కడే నాకో చిన్న తమాషా కనిపిస్తుంది. క్షీరసాగర మథనంలో మందర పర్వతం మునిగిపోతుంటే కింద చేరి వీపు మీద మోసినవాడు కూర్మనాథుడు, అంటే కథ మొత్తం నీళ్లలోనే. ఆయన ప్రతినిధులుగా మనం గుడిలో పెట్టుకున్నవి మాత్రం ఈత రాని నేల తాబేళ్లు! నేను వెటకారం చేయటం లేదు. భక్తికి జాతి అక్కర్లేదు. కానీ పెంచడానికి కావాలి.

గుళ్లు తాబేళ్లకి కీడే చేశాయని ఎవరైనా అంటే ఒప్పుకోను. అస్సాంలో నల్ల మెత్తడిప్ప తాబేలు ఒకటుంది. నదుల్లో ఇక లేదనుకుని 2002లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దాన్ని సహజ పరిసరాల్లో అంతరించిన జాతిగా రాసేసింది. అయినా అది బతికే ఉంది, గుడి కోనేళ్లలో. హాజోలోని హయగ్రీవ మాధవ ఆలయం చెరువులో వాటిని విష్ణువు అంశగా చూసి ఎవరూ పట్టుకుని తినలేదు. తర్వాత శాస్త్రవేత్తలు, గుడివాళ్లు కలిసి గుడ్లు పొదిగించి పిల్లల్ని అడవి నీళ్లలోకి వదిలే స్థితికి వచ్చారు. అక్కడ కలిసొచ్చిందేమిటంటే ఆ తాబేలు నీటిది, గుడి ఇచ్చింది కూడా నీళ్లే.

ఇక వ్యాపారం వైపు వెళ్దాం. 1795లో షోఫ్ అనే జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త మన నక్షత్ర తాబేలుకి శాస్త్రీయ నామం పెట్టాడు. అందులో రెండో మాట ఎలిగాన్స్. అందమైనది, సొగసైనది అని అర్థం. 1830లలో మాక్సిమిలియన్ అనే జర్మన్ యువరాజు అమెరికాలో మిసిసిపీ, మిస్సోరీ నదుల ప్రాంతమంతా తిరిగాడు. అక్కడి నీటి తాబేళ్లలో ఒకదానికి కంటి వెనక ఎర్రటి పట్టీ ఉంటుంది. దానికీ ఆయన ఎలిగాన్స్ అనే పేరు పెట్టాడు. భూమికి ఆ వైపు ఒకటి, ఈ వైపు ఒకటి, ఇద్దరు వేరువేరు మనుషులు, పేరు మాత్రం ఒకటే. రెండింటికీ ఆ అందమే ముప్పు తెచ్చింది.

నక్షత్ర తాబేలు కథ మన రాష్ట్రానికి బాగా దగ్గరిది. ఆంధ్ర, కర్ణాటక సరిహద్దు పల్లెల్లో పిల్లల్ని ఏరి, సంచుల్లో వేసి, విమానాల్లో తూర్పు ఆసియా దేశాలకి పంపే వ్యాపారం దశాబ్దాల నుంచి నడిచింది. 2015లో అచ్చయిన ఒక అధ్యయనం మన దేశంలోని ఒకే ఒక్క సేకరణ కేంద్రం నుంచి ఏడాదికి కనీసం 55,000 తాబేళ్లు పోతున్నాయని లెక్క తేల్చింది. 2019లో అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందంలో దాన్ని అన్నిటికన్నా కఠినమైన మొదటి అనుబంధంలోకి చేర్చారు. మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో చాలాకాలం నాలుగో షెడ్యూల్లో ఉండేది. 2022 సవరణతో మొదటి షెడ్యూల్లోకి వచ్చింది, అంటే పులితో సమానం. ఇంట్లో పెంచితే అదృష్టం అనుకునేవాళ్లు ఈ ముక్క ఒకటికి రెండుసార్లు వినాలి. ఆ అదృష్టానికి జైలు శిక్ష ఉంది.

రెండో ఎలిగాన్స్, అమెరికాది, దాని ప్రయాణం ఇంకా చిత్రం. అక్కడ లూసియానాలో చెరువులు తవ్వి తాబేళ్లని కోళ్లలాగా ఫారాల్లో పెంచారు. రూపాయి బిళ్లకన్నా కొంచెం పెద్దగా ఉండే పచ్చటి పిల్లల్ని చిన్న ప్లాస్టిక్ గిన్నెలో, మధ్యలో ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు పెట్టి, చిల్లర దుకాణాల్లో అమ్మేవాళ్లు. పిల్లలు వాటిని నోట్లో పెట్టుకునేవాళ్లు. 1970ల మొదట్లో తాబేళ్ల వల్ల ఏడాదికి సుమారు 2,80,000 మందికి సాల్మొనెల్లా జబ్బు వస్తోందని అక్కడి ఆరోగ్యశాఖ వాళ్లు అంచనా వేశారు. 1975లో నాలుగు అంగుళాల కన్నా చిన్న డిప్ప ఉన్న తాబేలుని ఇంట్లో పెంచుకోవడానికి అమ్మకూడదని నిషేధం పెట్టారు. నాలుగు అంగుళాలే ఎందుకంటే, అంతకన్నా పెద్దది పిల్లాడి నోట్లో పట్టదని.

అయితే ఎగుమతిని మాత్రం ఆపలేదు. సొంత పిల్లలకి వద్దనుకున్న సరుకు పక్కదేశాల పిల్లలకి వెళ్లింది. 1980ల చివర్లో నింజా తాబేళ్ల కార్టూన్ వచ్చాక గిరాకీ ఇంకా పెరిగింది. యూరప్ 1997లో దిగుమతి ఆపేసింది. ఆసియా మార్కెట్ తెరిచే ఉంది. అలా చేతులు మారి, మారి, మన విశాఖ లాంటి నగరాల అక్వేరియం షాపుల్లోకి వచ్చింది. మనదేశపు తాబేళ్లని అమ్మితే కేసు, పరదేశం తాబేలుకి ఆ షెడ్యూళ్లు వర్తించవు. ఈ సందు చూసుకునే వ్యాపారం సాగింది. "పెద్దగా పెరగదండీ, ఇంతే ఉంటుంది" అని చెప్పి అమ్ముతారు. ఆడది బాగా పెరిగితే అన్నం పళ్లెం అంత అవుతుంది, ముప్పై ఏళ్ల దాకా బతుకుతుంది.

అలాంటి ఒక తాబేలు రైలెక్కి నౌపడ వచ్చింది. ఇక్కడ మాకు రైలు కొత్త కాదు. 1900లోనే పర్లాకిమిడి రాజావారి చిన్నరైలు ఇక్కణ్ణుంచే బయల్దేరింది. ఉప్పు బస్తాలు, బియ్యం, మనుషులు అందరూ ఎక్కిన స్టేషన్ ఇది. తాబేలు ఎక్కొచ్చింది మాత్రం వైజాగ్ నుంచి, ఓ కుర్రాడి బ్యాగులో, ప్లాస్టిక్ డబ్బాలో. చెల్లెలి పుట్టినరోజు బహుమతి. రెండేళ్లు గడిచాయి. కుర్రాడు ఉద్యోగానికి వెళ్లిపోయాడు, ఆ అమ్మాయి హాస్టల్లో చేరింది, తాబేలు వాళ్ల నాయనమ్మ మీద పడింది. ఆమె ఒకరోజు దాన్ని స్టీలు గిన్నెలో పెట్టి, మూత పెట్టి, మా ఇంటికి తెచ్చారు.

"మాస్టారూ, దీనికేటో అయిపోనాది. డిప్ప మెత్తబడిపోనాది. కూర్మనాథుడు కదా బాబూ, ఇంట్లో సచ్చిపోతే మాకు మంచిది కాదు. శ్రీకూర్మం అట్టుకెళ్లి ఒగ్గేద్దుమా, లేపోతే చెరువులో ఒగ్గేద్దుమా?"

నేను చూశాను. అరచేయంత ఉంది. వీపు మీద నొక్కితే పాత ప్లాస్టిక్ మూతలా లోపలికి పోతోంది. అంచులు పైకి తిరిగిపోయాయి. కింద పొట్టవైపు తెల్లటి మచ్చలు, ఒకచోట చిన్న గుంట, దాంట్లోంచి కుళ్లు వాసన. ఏం పెడుతున్నారమ్మా అంటే, అన్నం, మరమరాలు, అప్పుడప్పుడు షాపులో కొన్న ఎండు రొయ్యపొట్టు అన్నారు. ఎక్కడుంచుతున్నారు అంటే వంటింట్లో, గట్టు కింద, పిల్లి ఎత్తుకుపోకుండా. ఆమె దగ్గర నిర్లక్ష్యమేమీ లేదు, రోజూ నీళ్లు మార్చారు కూడా. షాపువాడు చెప్పనిది ఆమెకి ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు డిప్ప గురించి. చాలామంది నత్త గుల్లలాగా అది తాబేలు వేసుకున్న ఇల్లు అనుకుంటారు. దాని పక్కటెముకలూ వెన్నెముకా వెడల్పయి, ఒకదానికొకటి అతుక్కుని అయిందే డిప్ప. దాన్లోంచి తాబేలు బయటికి రాలేదు, ముట్టుకుంటే దానికి తెలుస్తుంది. ఎముక మీద మన గోరులాంటి పదార్థంతో పలకలు ఉంటాయి. కాబట్టి డిప్ప మెత్తబడటం అంటే ఎముక మెత్తబడటం. దానికి చరిత్రలో ఒక మంచి కథ ఉంది.

మొదటి ప్రపంచయుద్ధం అయిపోయే సమయానికి బెర్లిన్‌లో పిల్లలకి తిండి లేదు, ఎండ లేదు. కాళ్లు విల్లులా వంగిపోయేవి. రికెట్స్ అంటారు. 1919లో హుల్డ్‌షిన్‌స్కీ అనే పిల్లల డాక్టరు వాళ్లని పాదరసపు దీపం కింద పడుకోబెట్టాడు. ఆ దీపం నుంచి కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలు వస్తాయి. ఎముకలు గట్టిపడ్డాయి. అంతకన్నా ఆశ్చర్యం ఏంటంటే ఒక చేతికి మాత్రమే వెలుగు పెట్టినా రెండో చేయి కూడా బాగుపడింది. అంటే చర్మంలో ఏదో తయారై ఒళ్లంతా వెళ్తోందన్నమాట. దాదాపు అదే సమయంలో ఇంగ్లండులో మెలన్‌బీ కుక్కపిల్లల మీద పరిశోధన చేసి, కాడ్ చేప కాలేయం నూనె రికెట్స్‌ని ఆపుతుందని చూపించాడు. 1922లో అమెరికాలో మెకాలమ్ ఆ నూనెలోని పదార్థాన్ని వేరుగా గుర్తించాడు. దానికి వచ్చిన పేరే విటమిన్ డి. కాల్షియం తిన్నా, ఇది లేకపోతే ఒంటికి పట్టదు.

వంటింటి గట్టు కింద ఉన్న మన తాబేలుకి వచ్చింది కూడా అదే జబ్బు. మన పేదపిల్లల చరిత్రా, పెంపుడు తాబేలు చరిత్రా ఇక్కడ కలిసిపోతాయి. ఇంకో మాట, గాజు అద్దంలోంచి వచ్చే ఎండలో ఆ కిరణాలు దాదాపు ఉండవు. కిటికీ అద్దం దగ్గర పెట్టాం కదా అంటే లెక్కలోకి రాదు. చలిదేశాల్లో దీనికోసం ప్రత్యేకం బల్బులు కొంటారు. నౌపడలో మనకి ఆ ఖర్చు అక్కర్లేదు. ఉప్పు పండించే ఎండ ఇది. పొద్దున్న తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగు తర్వాత వెడల్పు తొట్టెలో సగం నీడ ఉండేలా చూసి, నీళ్లలో ఒక ఇటుక పెట్టి, తాబేలు తనంతట తాను ఎక్కి ఆరేలా ఉంచితే చాలు. మిట్టమధ్యాహ్నం నీడలేని టబ్బులో పెడితే మాత్రం గంటలో ఉడికిపోతుంది, జాగ్రత్త.

నేను పశువైద్యుణ్ణి కాను, చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. అందుకని డాక్టరు గారి దగ్గరికే తీసుకెళ్లాను. పొట్టకింది గుంట డిప్ప కుళ్లు అన్నారు. ఇది కూడా పాతకాలం నుంచి తెలిసినదే. 1957లో కప్లాన్ అనే ఆయన ప్రయోగశాల తాబేళ్లలో డిప్పమీద పుండ్లు పడి, విషం రక్తంలోకి ఎక్కి చచ్చిపోయే జబ్బుని వివరించి రాశాడు. మురికినీళ్లు, డిప్పమీద గీత, దాంట్లోకి బ్యాక్టీరియా, ఇదీ దారి. డాక్టరు గారు మెత్తబడిన చెత్తని జాగ్రత్తగా గీకి తీశారు. పొవిడోన్ అయోడిన్‌ని నీళ్లలో కలిపి, పలచటి టీ రంగు వచ్చేలా చేసి, మెత్తటి టూత్‌బ్రష్‌తో కడగమన్నారు. తర్వాత కాలిన గాయాలకి రాసే సిల్వర్ సల్ఫాడయజిన్ తెల్ల మందు పూసి, రోజుకి కొన్ని గంటలు నీళ్లలో వేయకుండా పొడిగా ఉంచమన్నారు. కాల్షియం మోతాదు ఆయన చూసి రాశారు. విటమిన్ డి చుక్కలు సొంతంగా వేయొద్దని గట్టిగా చెప్పారు. ఎక్కువైతే అదీ విషమే.

దీనికి వీధిలో నాకొచ్చిన సలహాలు చెప్పాలి. కొబ్బరినూనె రాయమన్నారు ఒకాయన. నూనె పొర కింద కుళ్లు ఇంకా హాయిగా పెరుగుతుంది. పసుపు మెత్తమన్నారు ఇంకొకరు. ఒక తమ్ముడైతే నీళ్లపైపుల కంతలు పూడ్చే ముద్ద పెట్టేద్దాం మాస్టారూ, గట్టిగా ఉంటది అన్నాడు. నవ్వొద్దు, అలాంటి పని డాక్టర్లు కూడా చేశారు. విదేశాల్లో కార్ల కింద పడి డిప్ప పగిలిన తాబేళ్లకి ఫైబర్‌గ్లాసు, ఎపాక్సీ జిగురు వేసి అతికించే పద్ధతి కొన్ని దశాబ్దాలు నడిచింది. బయటికి బ్రహ్మాండంగా కనపడేది, లోపల చీము పట్టేది. పిల్ల తాబేలుకైతే డిప్ప పెరగనివ్వదు. అందుకే ఇప్పుడు గాయాన్ని తెరిచే ఉంచి, కడిగి, కట్టుకట్టడం వైపు వచ్చారు.

తిండి మార్చాం. మా ఊరికి ఇదొక్కటి మహా సుఖం. భావనపాడు వైపు నుంచి పచ్చి నెత్తళ్లు వస్తాయి, ముల్లుతో సహా చిన్నచిన్న ముక్కలు చేసి వేస్తే ఎముకకి కావలసిన కాల్షియం దాంట్లోనే ఉంటుంది. కొన్ని నీటి మొక్కలు, వానపాములు. ఇసకలో తెల్లగా, తేలిగ్గా సముద్రపు నురుగు అని దొరుకుతుంది కదా, పాతకాలం ఆయుర్వేదం కొట్లలో అమ్మేవాళ్లు. నిజానికి అది కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి వీపులోని గట్టి పెంకు, దాదాపు అంతా కాల్షియమే. నాలుగురోజులు మంచినీళ్లలో నానబెట్టి ఉప్పు పోగొట్టి, ఎండబెట్టి, తొట్టెలో పడేస్తే అదే కొరుక్కుంటుంది. మొదటి నెల ఏ తేడా లేదు. మూడోనెలకి పుండు పొడిగా అయింది. ఎనిమిది నెలలయ్యేసరికి నొక్కితే డిప్ప లోపలికి పోవటం ఆగింది, పలకల అంచుల్లో కొత్త పెరుగుదల గట్టిగా, నున్నగా వచ్చింది. వంకరపోయిన పాత భాగం అలాగే ఉంది, ఉంటుంది కూడా. వంగి గట్టిపడ్డ ఎముక మళ్లీ తిన్నగా అవ్వదు. ఒకరోజు పల్చటి పలకలు పొరలా ఊడితే ఇంట్లోవాళ్లు కంగారుపడ్డారు. ఈ జాతి తాబేలు పెరిగేటప్పుడు పై పొర ఊడటం మామూలే. లాగకూడదు అంతే.

ఇంతకీ నాయనమ్మ గారి ప్రశ్న మిగిలిపోయింది. శ్రీకూర్మమా, చెరువా?

శ్రీకూర్మంలో ఉన్నవి ఆకులు తిని పొడినేల మీద తిరిగేవి. ఇది నీళ్లలో తప్ప మింగలేని జీవి, ముక్క నోట్లో పెట్టుకుని నీళ్లలోకి దిగితేనే గొంతు దిగుతుంది. అక్కడ పెడితే ఇది ఆకలితో, ఎండిపోయి చస్తుంది. పైగా దీని ఒంట్లో ఉన్న బ్యాక్టీరియా వాటికి అంటుకుంటే ఆ నక్షత్ర తాబేళ్లకి చేటు. ఈ మాట నేను చెబితే ఆమె కాసేపు మాట్లాడలేదు. "మరి ఈయన కూర్మనాథుడు కాడేటి?" అన్నారు. నేను ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేదు, అది నా సబ్జెక్టు కాదు. నీటిలో ఉండే కూర్మనాథుడమ్మా, నీళ్లే ఇవ్వాలి అన్నాను.

చెరువు అయితే ఇంకా ప్రమాదం. 2000లో ప్రపంచంలోని 100 అతి హానికర చొరబాటు జాతుల జాబితా ఒకటి తయారైంది. ఆ జాబితాలో ఈ ఎర్రచెవి తాబేలు ఉంది. అది మన నీటి తాబేళ్ల తిండి తింటుంది, ఎండకాగే గట్లు ఆక్రమిస్తుంది, కొంచెం ఉప్పదనం ఉన్న నీళ్లని కూడా తట్టుకుంటుంది. నౌపడ చుట్టూ ఉన్న చిత్తడి చూడండి. ఉప్పుమళ్లు, తంపర, వాన పడితే నిండే చెరువులు, పక్కనే తేలినీలాపురం పెలికాన్‌లు, ఎర్రకాళ్ల కొంగలు మేతకి దిగే నీళ్లు. ఒకటి వదిలితే ఏటౌద్ది అంటారు. గువాహటిలో ఉగ్రతార గుడి కోనేరులోకి ఇది ఇలాగే చేరింది, భక్తులు వదిలిందే. కేరళలో త్రిశ్శూర్ దగ్గర కాలవల్లో కనపడితే అక్కడి శాస్త్రవేత్తలు ఇంటింటికీ చెప్పి, పెంచలేనివాళ్లు తెచ్చి అప్పగించండి అని అడగాల్సి వచ్చింది. 2022 చట్టసవరణలో చొరబాటు జాతుల దిగుమతినీ, అమ్మకాన్నీ, పెంపకాన్నీ నియంత్రించే అధికారం కేంద్రానికి ఇచ్చారు కూడా. కాబట్టి ఈ తాబేలు బతికినన్నాళ్లూ తొట్టెలోనే ఉండాలి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. అమెరికా పిల్లలకి వచ్చిన జబ్బు మన పిల్లలకీ వస్తుంది.

మన సొంత తాబేళ్ల మాట చెప్పకుండా ఆపలేను. చెరువుల్లో, పొలం కాలవల్లో ఉండే మెత్తడిప్ప నీటి తాబేలుకి పలకలే ఉండవు, తోలులాంటి చర్మం ఉంటుంది. వెనక కాళ్లు లోపలికి లాగాక పొట్టకింద నుంచి రెండు రెక్కల్లాంటి మడతలు మూసుకుంటాయి. వేసవిలో చెరువు ఎండితే బురదలో దూరి పడుకుంటుంది. పూర్వం పల్లెల్లో బావిలో పురుగులు తింటుందని ఒకటి వేసేవాళ్లు, మా చిన్నప్పుడు మా వీధి బావిలో కూడా ఉండేది. ఇప్పుడు బావులూ లేవు, అదీ తగ్గిపోయింది. గోదావరి జిల్లాల నుంచి మల్కనగిరి వైపు, బెంగాల్ వైపు మాంసానికి బస్తాల్లో పోతున్నది ఎక్కువగా ఇదే. ఇది మొదటి షెడ్యూల్ జీవి. దమ్ము చేసే ట్రాక్టరు చక్రం కింద డిప్ప పగిలి దొరికితే, ఇంట్లో పెంచకూడదు. తడిగుడ్డ చుట్టి, గాలి ఆడే డబ్బాలో పెట్టి, అటవీశాఖ వాళ్లకి ఫోన్ చేయండి. విశాఖ ఇందిరాగాంధీ జూ 1977 నుంచి ఉంది, పట్టుబడిన, గాయపడిన జంతువులు అటవీశాఖ ద్వారా అక్కడికి వెళ్తాయి. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. మన ఉత్తరాంధ్రలో దిక్కు లేదు అనుకోవక్కర్లేదు.

మూడోది సముద్రానిది. ఆలివ్ రిడ్లే. ఒడిశాలో రుషికుల్య నోటి దగ్గర వేలాదిగా గుడ్లు పెడతాయి. ఆ చోటు శాస్త్రవేత్తల కంటపడిందే 1994లో. మన భావనపాడు తీరానికి జనవరి నుంచి మార్చి దాకా విడివిడిగా వస్తాయి. ఆ నెలల్లోనే ట్రాలర్ వలల్లో చిక్కి, ఊపిరాడక చచ్చి ఒడ్డుకి కొట్టుకొస్తాయి. తూర్పుతీరంలో వేట నిషేధం ఎప్పుడు? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. చేపల కోసం పెట్టిన నిషేధం అది, తాబేలు గుడ్లు పెట్టి వెళ్లిపోయాక మొదలవుతుంది. ఇది నా వ్యాఖ్య, మత్స్యకార సోదరుల పొట్ట కొట్టమని కాదు, వలకి తాబేలు బయటపడే కిటికీ పెట్టే పరికరం ఎప్పట్నుంచో ఉంది. 2023 ఏప్రిల్లో మూలపేట పోర్టుకి శంకుస్థాపన అయ్యాక ఈ తీరం ఇంకా మారుతోంది. దానిమీద అంచనాలు చెప్పను. కానీ గుడ్లోంచి వచ్చిన సముద్రపు పిల్లని ఎవరైనా బకెట్ మంచినీళ్లలో వేసి ఇంటికి తెస్తే, దయచేసి తేవొద్దు. అది బతకదు.

నాయనమ్మ గారు ఇప్పుడు నెలకొకసారి వచ్చి చూసి వెళ్తారు. వచ్చినప్పుడల్లా కొంగున కట్టి నాలుగు నెత్తళ్లు తెస్తారు. మరమరాలు తేవటం మానేశారు.

మీ ఊళ్లో బావి తాబేలు జ్ఞాపకాలు, నీటి తాబేలుకి మీ దగ్గర వేరే పేరు ఏదైనా ఉంటే కింద రాయండి. పలాస వైపు, ఇచ్ఛాపురం వైపు, విజయనగరం వైపు ఒక్కోచోట ఒక్కో మాట ఉండొచ్చు. ఆ మాటలు నాకు కావాలి. వచ్చే వారం నౌపడ నుంచి పర్లాకిమిడి చిన్నరైలు. 1900లో మొదటి బండి ఎలా కదిలింది, 1931లో గుణుపూర్ దాకా ఎలా వెళ్లింది, అది చూద్దాం.